ఒక్కదిక్కు బేరింగు

మట్టెవాడ సందుల మా దుకాణం.
బోర్డు మీద నాయిన పేరు, రాజీరు, కింద కుట్టుమిషన్ బొమ్మ.
మిల్లు మూతపడ్డంక ఆయన కూసున్నడు,
ఆయన చేతులు వణికినంక నేను.
కాళ్ళ మిషనైనా చేతి మిషనైనా ఒక్కటే మందు:
ఇప్పు, తుడువు, నూనె చుక్క వెయ్యి.

అసుంటి బల్ల మీద
కాజీపేట లోకోషెడ్డు ఫిట్టరు ఎల్లాజీ
పాత బనీన్ల చుట్టి ఒకటి తెచ్చి పెట్టిండు.
పాల డబ్బా అంత. తిప్పితే కర్రు కర్రుమంటది,
అన్నం ముద్దల ఇసుక పడ్డట్టు.
"రీలమ్మా. భీమిలి నుంచి ట్రాన్స్‌ఫరైనప్పుడు నాతో వచ్చీసింది.
ఇంజన్లు ఇప్పీ చేతులు, దీనికి లావైపోనాయి."

సముద్రం నేను చూడలే.
పాకాల చూసిన, లక్నవరం చూసిన,
ఏటూరునాగారం కాడ గోదారిల కాళ్ళు కడుక్కున్న.
నాకు చేపంటే అంగట్ల తట్టల ఎగిరే కొర్రమట్ట.
దాన్ని పట్టెటోని కాడ వల ఉంటది, గాలం కట్టె ఉంటది,
గేరు పండ్ల యంత్రం ఏడికెళ్ళి ఉంటది?

పక్క మూతకు మూడు స్క్రూలు.
రెండు వచ్చినయ్. మూడోది మొండికేసింది.
తల చుట్టూ తెల్ల పొక్కులు, నడుమ ఆకుపచ్చ చిలుము.
కిరసనాయిల్ల రాత్రంత నానబెట్టి
పొద్దుగాల్ల తిప్పితే టక్కుమన్నది.
పొక్కు పెచ్చు ఒకటి గోరుకంటింది.
ఎందుకో నాలిక మీద పెట్టుకున్న.
ఉప్పు. ఎన్కనే చేదు. ఇంకా ఎన్క కిరసనాయిలు.
గింతేనా, అనుకున్న.

గోరువెచ్చని నీళ్ళల్ల పాత పండ్ల బ్రష్షుతోని కడిగిన.
గేరు పండ్లకు గ్రీజు, రొట్టెకు నెయ్యి రాసినంత.
బేరింగుకు నూనె ఒక్క చుక్క, రెండోది దండుగ.
బ్రేకు బిళ్ళలు వరుస తప్పకుంట
నిన్నటి పేపరు మీద పరిచి తుడిసిన.
ఫ్యాను బందు పెట్టిన, ఒక్కటి ఎగిరినా లెక్క తప్పుతదని.

కుట్టుమిషన్ బుద్ధి ఏడికి పోతది?
పిడి కాడ ఇంకో బేరింగున్నది, సన్న సన్న రోలర్లు,
ఎండి ఉన్నది పాపమని
దానికి సుతం గ్రీజు కూరిన.
మూత బిగించి తిప్పితే
ముంగటికి ఎంత సాపుగనో ఎన్కకు గంతే సాపుగ.

ఎల్లాజీ చూసి ముందుగాల్ల నవ్విండు.
"అది ఒక్కదిక్కు బేరింగమ్మా. చేప గుంజితే
పిడి ఎనక్కి తిరక్కండా ఆపీది అదే.
జిడ్డు తగిలితే జారిపోద్ది. ఆరిపోయుండాల."
ఆగి, గొంతు తగ్గించి:
"ఒకపాలి జారింది. పెద్ద చేప కూడా కాదు, వంజరం.
పిడి గిర్రున తిరిగి మా తమ్ముడివి రెండేళ్ళు ఇరిగిపోనాయి.
గ్రీజు ఎట్టింది నేనే."

నేనేం అనలే. మళ్ళ ఇప్పిన.
రోలరుకు రోలరు పెట్రోల్ల ముంచి ఎండకు పెట్టిన.
ఇరవై ఏండ్లు నూనె పోసిన చెయ్యి
డబ్బా దిక్కు పోతనే ఉన్నది,
పిల్లగాని చెయ్యి బెల్లం దిక్కు పోయినట్టు.

ట్రయలుకు సముద్రం లేదు, సందు ఉన్నది.
గాజుల దుకాణం ఫయాజు సైకిల్ క్యారియర్‌కు
దారం కొస కట్టి "తొక్కురా" అన్న.
వాడు చౌరస్తా దిక్కు, బల్ల దన్నుకొని నేను,
నడుమ రీలు కీచుమని ఒకటే అరుపు.
మిరపకాయల ఆటో ఆగింది.
ఇస్త్రీ కట్టయ్య పెట్టె ఇడిసిపెట్టి బయటికచ్చిండు.
పిడి మాత్రం వెంట్రుకవాసి ఎన్కకు రాలే.
ఎల్లాజీ కండ్లు మూసుకొని ఇన్నడు.
ఏదో చేప పేరు చెప్పిండు, హారన్లల్ల నాకు ఇనబడలే.

"దాచేటప్పుడు బ్రేకు ఒదులు చెయ్యన్నా,
బిళ్ళలు అతుక్కపోతయ్," అన్న.
"ఇక్కడ దాచీడమే కదమ్మా," అని
నూటయాభై బల్ల మీద పెట్టి పోయిండు.

కడిగిన గిన్నె ఆరినంక
అంచు పొంట తెల్ల గీత ఒకటి తేలింది.
తోముదామనుకున్న, గిరాకి వచ్చింది.
గండ్లనే ఎవరియో బాబిన్లు ఏసిన.